బానెట్ మీద అరచెయ్యి

ఆ దర్జీకి ఇరవయ్యేళ్లుగా ఒకటే కంపెనీ కారు. టీవీలో రేసు వస్తుంటే కుర్చీ అంచున కూర్చుని, మలుపు మలుపుకీ ఎడమ కాలితో నేలను క్లచ్చులా తొక్కుతాడు. కంపెనీ రేసులు మానేసిన ఆరేళ్లూ దాన్నెవర్నీ పల్లెత్తు మాట అననివ్వలేదు. మళ్లీ రేసు కారు తెచ్చారని తెలిసి, పాత బండి ఇచ్చేసి వాళ్ల కొత్త కారు తీసుకుందామని భార్యతో షోరూముకు వచ్చాడు. అమ్మే అతను మీట నొక్కగానే కారు గర్జించింది. దర్జీ ఊపిరి బిగబట్టి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. అంత చప్పుడుకీ రేకు వణకలేదు.

"ఈ అరుపు ఎక్కణ్ణుంచి బాబూ?"

"స్పీకర్లోంచండీ, ఇది బ్యాటరీ బండి కదా. అచ్చం రేసు కారుదే, రికార్డు చేసి పెట్టారు."

"చప్పుడు చప్పుడే కదండీ, సంతకం పెట్టెయ్యండి," అంది భార్య, అతని ముఖం చూసి భయపడి, పెన్ను చేతికిస్తూ.

"ఓడిపోయే బండైనా కొనేవాణ్ణే. ఎవరో పాడుతుంటే నోరు కదిపేదాన్ని ఎలా కొనను?"

పెన్ను తిరిగిచ్చేసి, పాత కారులో వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు తాళంచెవి తిప్పలేదు.