శుక్రవారం ఆఖరి పీరియడ్

డ్రాయింగ్ పీరియడ్ ఉన్నదే లెక్కల టీచర్ కోసమని నేను ముప్పై మూడేళ్ళు నమ్మాను. నమ్మడమేమిటి, అమలు చేశాను. కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం వెళ్ళే దారిలో ఉన్న మా ఎయిడెడ్ స్కూల్లో టైంటేబుల్ వేసేది నేనే. ఏడో తరగతికి శుక్రవారం ఆఖరి పీరియడ్ ‘చిత్రలేఖనం’ అని నా గుండ్రటి అక్షరాలతో నేనే రాసేదాన్ని. శుక్రవారం రాగానే డస్టర్ చంకన పెట్టుకుని ఆ తరగతి గుమ్మంలో నేనే నిలబడేదాన్ని. పిల్లలు నిట్టూర్చి లెక్కల నోటు తీసేవాళ్ళు. డ్రాయింగ్ టీచర్లు మారుతూ ఉండేవాళ్ళు, కొన్నేళ్ళయితే అసలు ఉండేవాళ్ళే కాదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. పదో తరగతిలో నా పిల్లలెవరూ లెక్కల్లో తప్పరు మరి. సుబ్బమ్మాళ్ టీచర్ అంటే ఈ చుట్టుపక్కల నలభై ఏళ్ళ మగవాళ్ళు కూడా చేతిలో బీడీ దాచేస్తారు.

ఆ పీరియడ్‌ను నా చేతిలోంచి లాక్కున్న మనిషి గురించి రాద్దామని కూర్చున్నాను. ఆమె పేరు అళగమ్మాళ్. ఆమె లాక్కోకపోయి ఉంటే నేను చాలా తృప్తిగా, చాలా మూర్ఖంగా రిటైరయ్యేదాన్ని. ఆ గండం తప్పించినందుకు ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

కిందటి జూన్‌లో అళగమ్మాళ్ మా స్కూలుకు పార్ట్‌టైం ఆర్ట్ టీచర్‌గా వచ్చింది. వారానికి మూడు పూటలు. ఇల్లు విరుదునగర్. భర్త ఆనందరాజ్ శివకాశిలో అచ్చాఫీసు పనికి పోతాడు. నలభై దాటిన సన్నటి మనిషి, గొంతు పెద్దగా లేవదు. వచ్చిన వారానికే, స్టాఫ్‌రూంలో ఎవరూ లేనప్పుడు చూసి, మేము ఇళ్ళల్లో మాట్లాడుకునే తెలుగులో నన్ను పలకరించింది. గడప దాటితే మాకందరికీ అరవమే. అలాంటిది స్కూల్లో ఇంటి మాట ఎత్తుకుందంటే ఏదో కావాల్సి వచ్చిందని నాకు అప్పుడే అర్థమైంది.

“టీచర్, శుక్రవారం కడాసి పీరియడ్ నాకు కావాల. పిల్లకాయలకి మన్నుతో గిన్నెలూ పెట్టెలూ చేసేది నేర్పిస్తా. చక్రం లేకుండా, సుమ్మా చేత్తోనే.”

“మన్నా? పరీట్చలో మన్ను అడగరే అళగు!”

“అడగరు టీచర్. అందుకే నేను అడుగుతా ఉండాను.”

మూడు నెలలు నేను వినలేదు. ఆమె మానలేదు. వచ్చిన ప్రతి పూటా అదే మాట, అదే గొంతుతో. చివరికి విసుగెత్తి, సెప్టెంబరు పరీక్షలయ్యాక హెడ్‌మిస్ట్రెస్ పుష్పం గారి ముందే ఒక పందెం పెట్టాను. అర్ధసంవత్సర పరీక్షల్లోగా పిల్లలు చేసి కాల్చిన మట్టి పెట్టె ఒకటి నా బల్ల మీద నిలబడాలి. నిలబడితే పీరియడ్ ఆమెది. లేకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. అందాకా శుక్రవారాలు వాడుకోమన్నాను. గిన్నె వద్దు, పెట్టే కావాలన్నాను. గిన్నె ఎంత వంకరగా ఉన్నా గిన్నే అంటారు. పెట్టెకు మూలలుంటాయి, కొలవచ్చు.

మట్టి కావాలంటే మా పొలంలో తవ్వుకోమని కూడా అన్నాను, ఉదారంగా. “కరిసల్ మన్ను వద్దు టీచర్. ఆరితే పగులుతాది” అంది. నాకు ఒళ్ళు మండింది. మా తాతల నాటి నుంచి పత్తీ సజ్జా పండించి మమ్మల్ని ఇంతవాళ్ళను చేసిన నల్లరేగడి అది. ఆమె మాత్రం విరుదునగర్ దగ్గర ఒక కుమ్మరి ఇంటినుంచి సిమెంటు సంచిలో బంకమట్టి తెచ్చింది, బస్సులో, కండక్టర్ చేత తిట్లు తింటూ. నేను ఎవరికీ చెప్పకుండా మా పొలం మట్టి ఒక ముద్ద చేసి ఇంట్లో కిటికీలో పెట్టాను. మూడోనాటికి నాలుగు ముక్కలైంది. ఆ సంగతి ఇవాళే బయటపెడుతున్నాను.

మొదటి శుక్రవారం ముద్దలో బొటనవేలు గుచ్చి తిప్పుతూ చిన్న గిన్నెలు చేయించింది. రెండో శుక్రవారం మట్టిని తాళ్ళలా పేని చుట్టలు చుట్టించింది. మూడో వారం నా చెక్క స్కేళ్ళు రెండూ పట్టుకుపోయింది. వాటిని అటూ ఇటూ పెట్టి, మధ్యలో మట్టి వేసి, పైపు ముక్కతో ఒత్తితే అట్టముక్కల్లా ఒకే మందాన వస్తాయట. నా స్కేళ్ళు మట్టి కొట్టుకుపోయాయని నేను రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. తడిగుడ్డ కింద అవి కాస్త గట్టిపడ్డాక నాలుగో వారం పెట్టెలు అతికించారు. కిటికీ దగ్గర నిలబడి చూశాను. పల్చటి మట్టిగుజ్జులో వేలు ముంచడం, అంచున పూయడం, బొటనవేలితో ఒత్తి తుడవడం, చకచకా అయిపోయింది. ఒక్క పీరియడ్‌లో ఇరవై ఆరు పెట్టెలు! అతుకు ఎక్కడుందో కనపడదు. పందెం ఓడిపోయాననే అనుకున్నాను.

సోమవారానికి అన్నీ విచ్చుకున్నాయి. ఒక్కో పెట్టెకు నాలుగు గోడలూ నాలుగు వైపులకు వాలిపోయి ఉన్నాయి. పిల్లలు వాటి చుట్టూ నిలబడ్డారు. నాకు సంతోషం కలిగింది. దాచడమెందుకు, కలిగింది. అళగమ్మాళ్ నేల మీద కూర్చుని ఒక్కొక్క ముక్కా తిప్పి అంచులు చూస్తోంది.

“తప్పు వాళ్ళది కాదు టీచర్, నా వేళ్ళది,” అంది. “మైదా పసై పూసి తీపెట్టి ఒట్టినట్టే ఒట్టితిమి. కాయితమైతే అంటుకుంటాది. మన్నుకి ముందు గీట్లు పెట్టాల. ట్రైనింగులో చెప్పిరి. నా చేతులు మరిచిపోయె.”

మా దగ్గర అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని తీపెట్టి ఆపీసు అంటారు. మా పిల్లల తల్లుల్లో సగం మంది అక్కడికే పోతారు. ఒకప్పుడు మైదా జిగురుతో ఇంటింటా అగ్గిపెట్టెలు అంటించేవాళ్ళు. అతుకు ఎంత నున్నగా ఉంటే అంత మంచి పని. ఆ నున్నదనమే మట్టికి పనికిరాలేదు.

“నీ వేళ్ళకి తీపెట్టి ఏం తెలుసు?” అన్నాను.

“ఏడో క్లాసులో టీచర్, పొద్దున లేచి పన్నెండు డజన్లు ఒట్టినంకనే స్కూలుకి వస్తిని.”

ఏ స్కూలుకని నేను అడగలేదు.

ఆ శుక్రవారం ఆఖరి పీరియడ్‌కు నా డస్టర్‌తో నేను వెళ్ళాను. పెట్టెలు పోయాయి, ఇక పందెంలో మిగిలిందేముంది? నిష్పత్తులు మొదలుపెట్టాను. ఒక్కరూ తల ఎత్తరు. రెండు లెక్కలయ్యాక సింధుజ లేచింది. ఎప్పుడూ నోరు తెరవని పిల్ల, వాళ్ళమ్మ సెల్వరాణి కూడా తీపెట్టి ఆపీసు మనిషే. లెక్కలో సందేహమనుకున్నాను. ఆ పిల్ల అరవంలో అడిగింది: “టీచర్, వచ్చే వారమైనా మట్టి పీరియడ్ ఉంటుందా?”

నా చేతిలో చాక్‌పీస్ ఆగిపోయింది. ఇదే గది, ఇదే పీరియడ్. ముప్పై ఏళ్ళ కిందట కిటికీ పక్కన రెండో బెంచీలో బక్కపల్చటి పిల్ల ఒకతి ఉండేది. వేళ్ళ మీద ఎండిన మైదా పొరలు పొరలుగా లేస్తుండేది. డ్రాయింగ్ నోటుకు అగ్గిపెట్టెల లేబుళ్ళ కాగితం అట్ట వేసుకుని, పెన్సిల్ సన్నగా చెక్కుకుని, వారమంతా శుక్రవారం కోసం దాచేది. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, నేనూ అదే మాట మాట్లాడే మనిషినని తెలిసి, ఇంటి తెలుగులో మెల్లగా అడిగింది. “టీచర్, ఈ వారమన్నా బొమ్మ పీరియడ్ ఉంటాదా?”

“బొమ్మలు కూడు పెడతాయా? పొయ్యి కూచో,” అన్నాను. అంతటితో ఊరుకోలేదు నేను. ఏడాది చివర్లో ఆ నోటు ఇంకా తెల్లగానే ఉందని చూసి, కాగితం దండగెందుకు, లెక్కల రఫ్ పని దాంట్లో చేసుకోమన్నాను. ఆ పిల్ల చేసుకుంది. ఆ నోటు నిండా నా భిన్నాలే.

గంట కొట్టాక స్టాఫ్‌రూంకు పోయాను. ఆమె బస్సు కోసం సంచి సర్దుకుంటోంది.

“అళగు, రెండో బెంచీనా?”

“ఆమా టీచర్. కిటికీ పక్క.”

“ముందే ఏల చెప్పలే?”

“చెప్పుంటే పాపమని పీరియడ్ ఇచ్చుందురు. పాపమని ఇచ్చేది నాకొద్దు టీచర్. మీరు పోయినంక ఇంకెవురో తీసేసుకుంటారు. పెట్టె నిలవాల.”

నాకు సిగ్గేసింది. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ అంత సిగ్గుపడలేదు. కళ్ళు తుడుచుకుంటూ చాక్ పొడి మీద నెట్టేశాను. ఆమె నమ్మినట్టే ఊరుకుంది.

“అర్ధసంవత్సరానికి ఇంకా ఐదు శుక్రవారాలుండాయి,” అన్నాను. “నేను లెక్కల టీచర్ని, తప్పు లెక్క చెప్పను. పందెం ఇంకా అయిపోలే.”

తర్వాతి శుక్రవారం పిల్లలందరూ ఇంట్లోంచి పాత దువ్వెన ఒకటి తెచ్చారు. పళ్ళు ఊడినవి, పేల దువ్వెనలు, ఏది దొరికితే అది. అళగమ్మాళ్ పాత మట్టినే నానబెట్టి ముందే కొత్త ముక్కలు ఒత్తి ఉంచింది. ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, అతికించే అంచు మీద అటు గీతలూ ఇటు గీతలూ పడేలా దువ్వెనతో గీయించింది. ఆ గీతల్లో గుజ్జు పట్టించి, అంచుకు అంచు ఒత్తి, లోపలి మూలల్లో సన్నటి మట్టి తాడు పెట్టి అదిమించింది. “అందం తర్వాత. ముందు పట్టు,” అంటూ వాళ్ళ వెనకాలే తిరిగింది. నున్నగా తుడవబోయిన చేతులను పట్టి ఆపింది. నేను ఊరికే నిలబడి చూస్తుంటే నా చేతికీ ఒక దువ్వెన, ఒక పెట్టెకు సరిపడా మట్టి ముక్కలు ఇచ్చింది. గీయడంలో నేనే ఫస్టు. నా కోపం ఒక పనికి ఉపయోగపడటం అదే మొదటిసారి.

అది వానల కాలం. పెట్టెలు ఆరడానికి మధ్యాహ్న భోజనం వండే గదిలో, పొయ్యికి దూరంగా, అటక మీద పెట్టాం. రెండు వారాలకు పైగా పట్టింది. రోజూ పొద్దున పాలు పొంగాయా అని చూసినట్టు పోయి చూసేదాన్ని. ఒక్క అతుకూ విడలేదు. కానీ నిప్పు మిగిలింది. అళగమ్మాళ్ గడ్డి పరిచిన రెండు బుట్టల్లో వాటిని పేర్చి, ఒకటి ఒళ్ళో, ఒకటి కాళ్ళ మధ్య పెట్టుకుని విరుదునగర్ బస్సెక్కింది. కుమ్మరి తన కుండలతో పాటు కాలుస్తానన్నాడు. ఆ శనాదివారాలు నాకు అన్నం సయించలేదు. పందెం ఎవరితో కట్టానో, ఎవరు గెలవాలని మొక్కుకుంటున్నానో నాకే తెలియకుండా పోయింది.

సోమవారం ఆమె బుట్టలు దించింది. పిల్లల పెట్టెలు ఇరవై ఆరింటిలో పందొమ్మిది ఎర్రగా, నిండుగా నిలబడ్డాయి. ఏడు నిప్పులో పగిలాయి. సింధుజ పెట్టె నా బల్ల మీద పెట్టి, పుష్పం గారి ఎదుటే కోణమానిని తీసి మూల కొలిచాను. ఎనభై తొమ్మిది డిగ్రీలు. అళగమ్మాళ్ ముఖం చూశాను. జాలి పడితే ఊరుకోనని ఆ ముఖంలోనే రాసి ఉంది.

“జామెట్రీలో రెండు డిగ్రీల తేడా దాకా మార్కు కొయ్యకూడదు,” అన్నాను. “అది రూలు. నేను పెట్టింది కాదు.”

ఆమె నవ్వింది. నేను టైంటేబుల్ తీసి, ‘చిత్రలేఖనం’ పక్కన ‘మట్టిపని – అళగమ్మాళ్’ అని ఎర్ర సిరాతో రాసి, హెడ్‌మిస్ట్రెస్ సంతకం చేయించి, స్కూలు ముద్ర వేయించాను. నా తర్వాత వచ్చే సుబ్బమ్మాళ్‌ల మీద నాకు నమ్మకం లేదు మరి. నేను చేసిన పెట్టె కూడా నిప్పుకు నిలిచింది కానీ మూత పడదు. అందులో ఇప్పుడు మా ఇంటి తాళాలు ఉంటాయి.

మొన్న ఏప్రిల్‌లో నా ఆఖరి శుక్రవారం వచ్చింది. ఆఖరి పీరియడ్ గంట కొట్టగానే డస్టర్ చంకన పెట్టుకుని ఏడో తరగతి గుమ్మంలో నిలబడ్డాను. పిల్లల ముఖాలు వాడిపోయాయి.

“ఏమి టీచర్, కడాసి రోజని పీరియడ్ కావాలనా?” అంది అళగమ్మాళ్.

“ఆమా, కావాల. ఇవాళ మన్ను లేదు, బొమ్మ పీరియడ్. నువ్వు టీచర్ కాదు. పో, రెండో బెంచీ, కిటికీ పక్క.”

కొత్త డ్రాయింగ్ నోటు, సన్నగా చెక్కిన పెన్సిల్ ఆమె చేతిలో పెట్టాను. ఆమె నా వైపు చూసింది, నోటు వైపు చూసింది, రెండో బెంచీ వైపు నడిచింది. సింధుజ జరిగి చోటిచ్చింది. పెద్ద మనిషి మోకాళ్ళు ఆ బెంచీలో పట్టక పక్కకు తిరిగి కూర్చుంది. పిల్లలు కూడా నోట్లు తీశారు. నేను బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.

కాసేపటికి సైన్సు మాస్టారు వసంతకుమార్ పుస్తకం పట్టుకుని వరండాలో వచ్చాడు. పోర్షన్ మిగిలిపోయిందట, ఈ ఒక్క పీరియడ్ తీసుకుంటాడట. ఆయన కూడా ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే, ఆ విద్య నా దగ్గరే నేర్చాడు. డస్టర్ చూపించి, “లోపల బొమ్మ పీరియడ్ జరుగుతోంది, వెళ్ళు,” అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి వెనక్కి తిరిగాడు.

అళగమ్మాళ్ ఏం గీసిందో నాకు ఈనాటికీ తెలియదు. తొంగి చూడాలని ప్రాణం లాగింది. కానీ తలుపు తీస్తే, పీరియడ్ కోసం వచ్చాననుకుని పెన్సిల్ కింద పెట్టేస్తుందేమోనని భయమేసింది. గంట కొట్టేదాకా ఆ గుమ్మం బయటే కాపలా నిలబడ్డాను.