చదివి వినిపించాకే సంతకం

ప్రయోగశాలలో సముద్రపు స్పంజిక, అదే స్పాంజి జీవి, ఉన్న సీసా మూత తీస్తే నాకు తడిసిన గొర్రె బొచ్చు వాసన వస్తుంది. పక్కన పనిచేసేవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ వాసనతో పాటు కోదాడ కాలేజీలో మాకు జంతుశాస్త్రం చెప్పిన ప్రమీల మేడం గుర్తొస్తారు.

ఆవిడ రోజూ మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చేవారు. ఇంటర్ రెండో ఏడు, సూర్యాపేటలో జరిగే సైన్సు ప్రదర్శనకు నేనొక చార్టు తయారు చేశాను. అనంతగిరి దగ్గర గొర్రెలు కాసే మల్లయ్య తాత, గొర్రెల పుండ్లకు పురుగు పట్టకుండా ఒక ఆకు నూరి పూసేవాడు. ఆ ఆకు, దాని గుణం, అది మొలిచే గుట్ట అన్నీ రంగుల్లో రాసి, కింద నా పేరు పెద్ద అక్షరాల్లో పెట్టుకున్నాను. మేడం సంతకం చేస్తే చాలు, బహుమతి నాదేననుకున్నాను.

"ఇది తాతకు చదివి వినిపించినవా?" అన్నారు మేడం.

"ఆయనకు చదువు రాదు మేడం."

"అందుకే గద వినిపించుమంటున్న. ఆయన ఊ అన్నంకనే నా సంతకం."

కోపంతో ఏడుపొచ్చింది. అయినా ఆదివారం ఇద్దరం పోయాం. అప్పుడే వాన వెలిసింది. తడిసిన మంద మధ్య నిలబడి చార్టంతా చదివాను. తాత చివరిదాకా విని గొంగడి సర్దుకున్నాడు.

"మంచిగనే రాసినవ్ బిడ్డా. గుట్ట పేరు మాత్రం తీసెయ్. అందరొచ్చి పీక్కపోతే నా గొర్లకేం మిగుల్తది? ఇగ గా ఆకుల ఏమున్నదో ఎవరన్న కనిపెడితే, ముందుగాల నాకు జెప్పాలె."

గుట్ట పేరు చెరిపేసి, తాత పేరు నా పేరుకన్నా పైన రాశాను. ప్రదర్శనలో ఆ ఆకు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. చెప్పనన్నాను. బహుమతి పోయింది. సూర్యాపేట బస్టాండులో మేడం మిరపకాయ బజ్జీలు కొనిపెట్టి, "ఇయ్యాల పాసైనవ్ పో" అన్నారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

నా ముందున్న ఈ స్పంజిక ఎక్కడ పెరుగుతుందో చూపింది తీరంలోని జాలరులు. దాని జన్యు సమాచారాన్ని లోకానికి తెరిచి పెడితే, ఎక్కడో ఎవరో దాంతో మందు చేసుకోవచ్చు. చూపినవాళ్లకు కబురైనా అందదు. ఆ సమాచారం బయటపెట్టేందుకు మా సంస్థ రాసిన ఒప్పందంలో జాలరుల వాటా చేర్చేదాకా సంతకం చేయనన్నాను. పైవాళ్లు విసుక్కున్నారు, గొణిగారు, చివరికి రాశారు.

నిన్న రేవుకు పోయి, వలలు బాగుచేసుకుంటున్న వాళ్ల మధ్య కూర్చుని ఆ కాగితమంతా తెలుగులో చదివాను. ఒక పెద్దావిడ మధ్యలో ఆపింది.

"ఈ ముక్క ఇంకోపాలి సదవమ్మా."

చదివాను. ఆవిడ అడగాల్సినవి ఇంకా ఉన్నాయట, ఇవాళ మళ్లీ రమ్మంది. బజ్జీలు కట్టించుకుని పోతాను. సంతకం ఆ తర్వాతే.