అమ్మ లేవని సంస్కారపు ఆదివారాలు

రేపల్లెలో మా గుడిలో రొట్టె, ద్రాక్షరసంతో ప్రభు సంస్కారం ఇచ్చే ఆదివారాల్లో అమ్మ బెంచీ మీద నుంచి లేచేది కాదు. ఆడవాళ్లంతా ముసుగులు సర్దుకుని బలిపీఠం ముందు మోకరించడానికి వెళ్తుంటే, పక్కకు ఒదిగి దారి ఇచ్చేది. తమ్ముడు పోయినప్పటి నుంచీ అంతే.

వాడికి టైఫాయిడ్ వచ్చింది. జ్వరం దిగని రోజుల్లో పక్కింటి పిన్ని ఒక తాయెత్తు తెచ్చి, "కట్టి చూడక్కా, పోయేదేముంది?" అంది. మా విశ్వాసంలో అది పాపమని తెలిసినా అమ్మ కట్టింది. తర్వాత రైల్లో తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడే పోయాడు.

ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకు పొరుగూరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. బైబిల్లో గుడారంలో దొంగసొత్తు దాచి, ఇంటిల్లిపాది మీదికీ చావు తెచ్చిన మనిషి కథ చెప్పి, "ఈ ఇంట్లోనూ దాచినదేదో ఉంది" అన్నాడు. తాయెత్తు సంగతి ఆయనకు తెలియదు. చావు జరిగిన ఇళ్లలో అలా అనడం అప్పట్లో మామూలే. అమ్మకు మాత్రం అది తీర్పయింది; సంస్కారానికి తను తగననుకుంది. నేనూ అలాగే నమ్మాను.

డెబ్బైల మొదట్లో బాపట్లలో టీచరు ట్రైనింగు చదువుతూ, సండే స్కూలు పిల్లలకు పుట్టుగుడ్డివాడి పాఠం చెప్పాల్సి వచ్చింది. ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, ఎవరి పాపమూ కాదంటాడు ప్రభువు. నాకు కంఠతా వచ్చిన అధ్యాయమే. అది మా ఇంటి మాట అని ఎప్పుడూ తోచలేదు. ఆ తర్వాత చాలా వారాలు ప్రార్థన చేసుకుని బైబిల్లో వెతికాను. గుడారం కథ ఉండనే ఉంది, దాన్ని కొట్టివేయలేను. కానీ జబ్బుపడ్డ బిడ్డ కోసం వచ్చిన ఏ తల్లినీ, తండ్రినీ నువ్వేం చేశావని ప్రభువు అడిగిన చోటు కనిపించలేదు.

సెలవులకు వెళ్లినప్పుడు అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను.

"బాపట్ల వెళ్లి పాస్టరమ్మవై వచ్చావేంటే!" అని నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "అయితే వాడు నా వల్ల పోలేదంటావు."

"లేదమ్మా. నీ వల్ల కాదు."

"మరి ఎందుకు పోయాడే?"

తెలియదన్నాను. అమ్మ చేట పక్కన పెట్టేసింది. "ఇన్నాళ్లూ కారణమన్నా ఉండేది" అంది. నేను ఓదార్పు తెచ్చాననుకున్నాను.

తర్వాతి సంస్కారపు ఆదివారం అమ్మ లేచింది. నడవలో ఒకసారి ఆగి, మళ్లీ నడిచి, మోకరించింది. పక్కనున్నవాళ్లు జరిగి చోటిచ్చారు. నా గుండె నిండిపోయింది.

ఇంటికి రాగానే గుడి చీరైనా మార్చకుండా గోడవైపు తిరిగి పడుకుంది. తమ్ముణ్ణి ముద్దుపేరుతో పిలుస్తూ ఏడ్చింది. క్షమించమని ఏడవడం ఎన్నోసార్లు విన్నాను గానీ, వాణ్ణి పిలుస్తూ ఏడవడం అదే మొదలు.

నాన్న కంగారుపడి, "ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడేంటి?" అన్నాడు.

"ఇప్పుడే పోయినట్టుందండీ" అంది అమ్మ.