మళ్ళీ వినమని అడిగిన మనిషి

మా వకీలు బాబాయి మొన్న శుక్రవారం గుండె ఆగి పోయారు. ఊరవతల బోద్రీలో ఉన్న హైకోర్టుకి రోజూ వెళ్ళొచ్చేవాళ్ళకి ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

రైల్వే గార్డు కొడుకాయన. రాజ్‌కిశోర్ నగర్‌లో మా పక్క ఇల్లు. కేసుకొచ్చిన మనిషిని వంటింట్లో కూర్చోబెట్టి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేవారు. “చేతులు ఖాళీగా ఉంటే నోరు అడ్డొస్తదిరా” అనేవారు. పెద్దగా చదువు లేని నాకు కోర్టు ఏం చేస్తుందో, ఏం చెయ్యదో ఓపిగ్గా చెప్పింది ఆయనే.

మా వీధిలో జాకెట్లు కుట్టే సింధీ భాభీ గోడూ అలాగే విన్నారు. కూతుర్ని ఎత్తుకుపోతామని బెదిరిస్తే, ఆ పిల్లతో సింధ్ నుంచి సరిహద్దు దాటి వచ్చిందావిడ. ఇక్కడే ఉండనివ్వమని దీర్ఘకాలిక వీసా అడిగితే అధికారులు కాదన్నారు, దేశం వదిలి పొమ్మన్నారు. ఆ ఉత్తర్వులో బెదిరింపు ఊసే లేదు. దాని మీదే బాబాయి రిట్ వేశారు.

గెలిచిన రోజు వీధంతా లడ్డూలు పంచుకున్నాం. ఆయనకీ ఒకటి పట్టుకెళ్ళాను.

“ఏటిది?”

“భాభీకి వీసా వచ్చింది కదా బాబాయ్!”

“ఎవడన్నాడు? కోర్టు వీసా ఇవ్వదురా. పెళ్ళిచూపులు సరిగా జరగలేదు, మళ్ళీ జరపండి అంది. పెళ్ళి కుదిరిందనలేదు.”

“అచ్ఛా... మళ్ళీ కాదంటే?”

“అనొచ్చు.”

“గెలిచినా ఏడుపు మొహమేనా?” అంది పిన్ని లోపల్నుంచి. ఆయన లడ్డూ పక్కన పెట్టి ఇంకో చిక్కుడుకాయ అందుకున్నారు.

మళ్ళీ కాదన్నారు. ఈసారి బెదిరింపు గురించి ఒక్క వాక్యం రాసి, నమ్మలేమన్నారు. బాబాయి ఇంకో రిట్ వేసి, విచారణ అయ్యేదాకా పంపకుండా స్టే తెచ్చారు. “విన్నామనిపించుకోడానికి విన్నారు. ఇలాంటి ఉత్తర్వుని కొట్టేయించడం కష్టంరా” అన్నారు. విచారణ రేపు. ఆయన లేరు.

వకీలు పోతే, మన తరఫున వాదించమని ఆయనకిచ్చిన వకాల్తా కూడా చెల్లదట. ఆయన దగ్గర పనిచేసిన వకీలమ్మ ఇవాళ కొత్త కాగితం తెచ్చింది. భాభీ పెన్ను అందుకుని, సంతకం చోటు దాకా తెచ్చి ఆపేసింది.

“ఇది పెడితే భాయీసాబ్ లేరని నేనే ఒప్పుకున్నట్టు కదా” అంది హిందీలో.

చాప మీద కూర్చున్న పిన్ని ఆవిడ దగ్గరికి జరిగింది.

“పెట్టు బేటీ. పిల్ల సంగతి చూసుకో.”

భాభీ సింధీలో, కుడి నుంచి ఎడమకి, ఒక్కో అక్షరమే, తన పేరు రాయసాగింది. ఫ్యాను గాలికి కాగితం లేస్తుంటే, గాజుల్లేని చేత్తో పిన్ని దాని అంచు నొక్కి పట్టుకుంది.