చవుడు వేయని మిద్దె

నా చిన్నప్పుడు మేము గొడ్ల కొట్టంలో కాపురం ఉండేవాళ్లం. ఈ మాట చెబితే మా మనవరాలు నమ్మదు, అవ్వ నవ్వులాటకు అంటోంది అనుకుంటుంది. పుంగనూరులో మా తాత కట్టిన ఇల్లు రెండు భాగాలు. వీధి వైపు ఉండే మట్టిమిద్దెను ముందిల్లు అనేవాళ్లం. దాని వెనుక కొంత ఖాళీ జాగా, ఆ జాగా దాటితే ఆవులను కట్టేసే పెంకుల కొట్టం. తాత పోయాక ఆవులూ పోయాయి. మా చిన్నాయనకు పెళ్లి కుదిరినప్పుడు, కొత్త కాపురానికి మంచి ఇల్లు ఉండాలని మా నాయన ముందిల్లు తమ్ముడికి వదిలేసి, అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని కొట్టంలోకి మారాడు. మారేముందు అమ్మను ఒక్క మాట అడిగి ఉంటాడని నేను అనుకోను. అడిగే అలవాటు ఆయనకు లేదు.

నాయన దర్జీ. కొట్టం ముందర తడిక చాటున మిషను పెట్టుకుని రవికెలు, స్కూలు పిల్లల చొక్కాలు కుట్టేవాడు. చిన్నాయన సంతలో పశువుల దళారి. తెల్లని పంచె కట్టి, భుజాన కండువా వేసి, అందరినీ వరసలు కలిపి పిలిచే మనిషి. ఆయన నవ్వితే ఎదుటివాడికీ నవ్వొచ్చేది. నాకు సంత నుంచి బొరుగులుండలు తెచ్చేవాడు కాబట్టి ఆయనంటే నాకూ ఇష్టమే.

కొట్టంలో మొదటి వానకే తెలిసింది, అది ఇల్లు కాదని. ఏళ్ల తరబడి గొడ్ల ఉచ్చ ఇంకిన నేల తడిసేసరికి వాసన లేచి, అన్నం ముద్ద గొంతు దిగలేదు. మేస్త్రీని పిలిచే స్తోమత మాకు లేదు. మర్నాడు అమ్మ చీర బిగించి కట్టి గడ్డపార పట్టుకుంది. మోకాలి లోతు దాకా ఆ మన్నంతా తవ్వి, గంపలకెత్తి దిబ్బలో పోసింది. ఊరి బయట గుట్ట కింద నుంచి ఎర్ర గరుసుమన్ను మోసుకొచ్చి నింపింది. దిమ్మిస పట్టుకుని అమ్మ నేలను కొడుతుంటే, మిషను దగ్గర కూర్చున్న నాయన కాళ్లు అదిరేవి. పని లేని రోజుల్లో ఆయనా నీళ్లు మోసేవాడు, అబద్ధం ఎందుకు. కానీ సూదికి అలవాటుపడిన చేతులు, గంప రెండుసార్లు ఎత్తితే బొబ్బలెక్కేవి.

కడప బండలు అమ్మే చోట విరిగిన మూలలు, పగిలిన అంచులు ఒక పక్కన కుప్పగా పడేసేవాళ్లు. వాటిని ఎవరు తీసుకుపోయినా అడిగేవాడు లేడు. అమ్మ వాటిని మోసుకొచ్చి, ఒక్కో ముక్కనూ తిప్పి తిప్పి చూసి, దేని పక్కన ఏది ఇముడుతుందో చూసుకుని నేలంతా పరిచింది. సందుల్లో సున్నమూ ఇసుకా కలిపి మెత్తింది. గోడలకు ఎర్రమన్ను, వరిపొట్టు, పేడ కలిపి తొక్కి పూసింది. ఆ తొక్కుడులో నేనూ ఉన్నాను, నాకది ఆటే. రాతిసున్నం కుండలో వేసి నీళ్లు పోస్తే బుడబుడమని ఉడికేది, దగ్గరికి రావద్దని అమ్మ కేకలేసేది. ఈతమట్ట కొసను రాతి మీద నలగ్గొట్టి కుంచె చేసుకుంది. సున్నంలో ఇంత నీలం కలిపింది. ఎంత కలిపితే గోడ తెల్లగా కనబడుతుందో, ఎక్కడ దాటితే నీలంగా మారుతుందో తెలుసుకోవడానికి వెనకగోడ మీద చారలు చారలుగా పూసి చూసుకునేది.

చీకటి మాత్రం పోలేదు. గొడ్లకు కిటికీలు ఎందుకని మా తాత పెట్టలేదు. ఒకసారి నాయన లైనింగు గుడ్డకని మదనపల్లెకు వెళ్లి, అక్కడ ఎవరో పాతిల్లు పడగొడుతుంటే చూసి, ఒక టేకు కిటికీని చవగ్గా కొని బస్సు టాపు మీద వేయించుకొచ్చాడు. ఆయన జీవితంలో అమ్మకు తెచ్చిన మంచి వస్తువు అదొక్కటే అని నేననుకుంటాను. గోడ పగలగొట్టి దాన్ని నిలబెట్టడానికి ఇద్దరూ చాలా అవస్థ పడ్డారు. నిలబడ్డాక అమ్మ చాలాసేపు దాని ముందు నుంచి కదల్లేదు. టీపొడి పెట్టెల చెక్కలతో గోడకు అరలు కొట్టింది. చాన్నాళ్లు మా పప్పు డబ్బాలన్నీ టీ వాసన వచ్చేవి. సున్నానికి చేతులు పగిలి, వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని తిరుగుతున్నా, మా అమ్మ అంత అందంగా ఉండగా నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

వీధిలో ఆడవాళ్లు పని కల్పించుకుని వచ్చి చూసిపోయేవాళ్లు. ఇది కొట్టమంటే ఎవరు నమ్ముతారని బుగ్గలు నొక్కుకునేవాళ్లు. చిన్నాయన ఒక్కడే మెచ్చుకునేవాడు కాదు. వచ్చినప్పుడల్లా గడపలో నిలబడి ఏదో ఒక వంక పెట్టేవాడు.

"ఏం సేసినా కొట్టం కొట్టమే వదినా. వాన పడితే గొడ్ల వాసన యాడికి పోతాది? పైన పెంకులు. కోతులెక్కితే నీ తెల్లగోడల గతేమి?"

నాయన నవ్వేసేవాడు. తమ్ముడికి వదిన కష్టం చూస్తే జాలి అని ఆయన లెక్క. అమ్మ నవ్వేది కాదు. అప్పుడు నాకు అది అమ్మ గర్వం అనిపించేది.

మట్టిమిద్దెల సంగతి ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి ఒక మాట చెప్పాలి. మిద్దె పైన ఏటా చవుడు వేయాలి. చవుడంటే ఉప్పు తేలిన మన్ను, వాన నీటిని కిందికి దిగనివ్వదు. వానలకు ముందు గాడిదల మీద చవుడు అమ్మకానికొచ్చేది. మిద్దె ఉన్న ప్రతి ఇంటివాళ్లూ వాకిట్లో పోయించుకుని, పైకి చేరవేసి, చదును చేసుకునేవాళ్లు. ఒక్క ఏడు మానితే మిద్దె కారుతుంది. ఇంకో ఏడు మానితే దూలాలు నానతాయి. చీర కొనకపోయినా చవుడు కొనాలి అనేవాళ్లు.

ఆ ఏడాది గాడిదలవాళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు చిన్నాయన వాళ్లను ముందుకు పొమ్మని చెయ్యి ఊపడం మా అమ్మ చూసింది. అంతకుముందు ఏడు కూడా ఆయన వేయించలేదని అప్పుడే ఆమెకు తట్టింది. ఆ సాయంత్రం నాయనకు అన్నం పెడుతూ చెప్పింది.

"మీ తమ్ముడు మిద్దె మీదికి మళ్లీ చవుడు ఎయ్యలేదు. తనదనుకున్నోడు ఎయ్యకుండా ఉంటాడా? సంతలో కొనేవోడే గదా ఆవుకు వంకలు పెట్టేది. ఆయప్ప కండ్లు మన కొట్టం మీద ఉండాయి."

"నీకేమన్నా పిచ్చా మే? మిద్దె వదులుకోని గొడ్లసావిట్లోకి వస్తాడా వాడు?" అన్నాడు నాయన. అన్నం మాత్రం కలుపుతూ ఆగిపోయాడు. అది నేను చూశాను.

ఆ తర్వాత కొన్నాళ్లకే చిన్నాయన ఇల్లు పాలు పంచుకుందామని అడిగాడు. మా వైపు అన్నదమ్ములు పంచుకుంటే ఒక కట్టుబాటు ఉంది. పెద్దవాడు భాగాలు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. వేసేవాడు మోసం చేయకుండా ఉండడానికి పెట్టిన ఏర్పాటు. వినడానికి ఎంత బాగుంటుందో చూడండి.

అమ్మ నాయనను బతిమాలింది. ముందిల్లు ఒకరికి, వెనకిల్లు ఒకరికి అని అడ్డంగా విడదీయవద్దంది. వీధి నుంచి వెనక గోడ దాకా నిలువుగా గీత గీస్తే, ముందులో సగమూ వెనకలో సగమూ ఇద్దరికీ వస్తాయి, ఎవరు ఏది కోరుకున్నా తన నేల సగమన్నా మిగులుతుందని ఆమె ఆశ. ఇరుకైనా సర్దుకుంటానంది. మా అమ్మ ఎవరినీ చెయ్యి పట్టుకుని అడగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నాయన కోపగించుకున్నాడు. నిలువుగా గీస్తే తమ్ముడిని నమ్మలేదని పెద్దమనుషులు అనుకుంటారట. తన పరువు పోతుందట. "వాడు నా రక్తం. వాని గురించి నాకు నువ్వు సెప్తావా?" అన్నాడు.

పంపకాల నాడు పొద్దున్నే ఊరి పెద్దమనుషులు ఇద్దరు అరుగు మీద కూర్చున్నారు. నాయన స్నానం చేసి, విభూతి పెట్టుకుని వచ్చాడు. అమ్మ మిగిల్చి పెట్టుకున్న సున్నం పొడిని గిన్నెలోకి తీసుకుని, ఖాళీ జాగా నడుమ ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా గీత పోశాడు. అది చూస్తూ అమ్మ తలుపు చెక్కను పట్టుకుని నిలబడింది. కోరుకో అబ్బీ అన్నారు పెద్దమనుషులు. చిన్నాయన కండువా చేతిలోకి తీసుకుని కాసేపు తల వంచుకున్నాడు.

"మా అన్నది కుట్టుపని. గిరాకీ రోడ్డు మీద ఉంటాది గానీ ఎనక మూలకు యాల వస్తాది? నాదేముంది, సంతలో తిరిగేటోన్ని, యాడ పండుకుంటే ఏమి? ముందిల్లు అన్నే తీసుకోనీ. నేను ఆ కొట్టంలోనే పడుంటాను."

పెద్దమనుషుల్లో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. తమ్ముడంటే ఇట్లుండాల, పంచిన అన్నంటే ఇట్లుండాల అన్నారు. నాయన ముఖం వెలిగిపోయింది. ఆయన నిజంగానే నమ్మాడో, నమ్మకపోతే నిలబడలేక నమ్మాడో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ ఏమంటుంది? అంత ధర్మంగా మాట్లాడినవాడిని పట్టుకుని నువ్వు దొంగవి అంటే గయ్యాళి అన్న పేరు ఆమెకే వస్తుంది. ఆమెను అక్కడ ఎవరూ అడగనూ లేదు.

సామాను మార్చేటప్పుడు కిటికీ తీసుకుపోదామంది అమ్మ. నాయన వద్దన్నాడు. అరలు కూడా వదిలేయమన్నాడు, గోడకు కొట్టినవి గోడవే అన్నాడు. గిన్నెలు గంపకెత్తుతుంటే మా పిన్నమ్మ వచ్చి, "అక్కా, సున్నంలో నీలం ఎంత కలిపితివి? నేను కలిపితే చారలొస్తాయేమో" అని అడిగింది. ఆమె మనసులో కల్మషం లేదు, అందుకే ఆ మాట ఇంకా మండుతుంది. అమ్మ ఎంత కలపాలో, ఎట్లా వడగట్టాలో, మొదటి పూత ఆరాకే రెండోది వేయాలనీ ఓపికగా చెప్పింది. చెప్పి గంప నెత్తికెత్తుకుంది.

ఆ వానాకాలం ముందిల్లు ఎక్కడ పడితే అక్కడ కారింది. ఇంట్లో ఉన్న బొచ్చెలన్నీ నేల మీదే. నాయన తానే పైకెక్కి చవుడు పోశాడు, సరిగా చదును చేయలేక నానా తంటాలు పడ్డాడు. కింద నిచ్చెన పట్టుకోమని పిలిస్తే అమ్మ వెళ్లలేదు. తర్వాత ఏళ్లలో ఆయన సిమెంటు తెస్తానన్నాడు, రంగు వేయిస్తానన్నాడు. "మీ ఇల్లు, మీ ఇష్టం" అనేది. చనిపోయేదాకా ఆ ఇంట్లో మా అమ్మ గోడకు ఒక మేకు కొట్టలేదు. చిన్నాయన పశువుల పగ్గాలు తగిలించుకున్న పాత మేకులకే తన చీర తగిలించుకుంది. వీధి పక్కన కాబట్టి నాయనకు కుట్టుపని బాగానే పెరిగింది. తమ్ముడు మనకు మేలే చేసినాడని నలుగురి ముందూ చెప్పుకునేవాడు. అమ్మ అక్కడి నుంచి లేచిపోయేది.

నేను పెద్దయ్యాక ఒకసారి అడిగాను, చిన్నాయన మీద నీకు కోపం లేదా అని. "ఆయప్ప దళారి. దళారి దళారిపనే సేసినాడు. దానికి ఏడ్సేదేముండాది? మీ నాయనకు నేను ముందే సెప్తిని గదే" అంది. అంతకు మించి ఆ విషయం మా మధ్య ఎప్పుడూ రాలేదు. చిన్నాయన మీద నా కోపం ఎప్పుడో చల్లారింది. ఆయన చావుకు వెళ్లి ఏడ్చాను కూడా. నాయన మీద చల్లారలేదు. మంచి అన్న అనిపించుకోవడానికి ఆయన ఇచ్చింది తనది కాదు.

నన్ను మదనపల్లెకు ఇచ్చారు. మా ఆయన మంచివాడు, ఒక్కడే కొడుకు, పంచుకునేవాడే లేడు. అయినా ఇంటి కాగితాలు నా చేతిలో పెట్టేదాకా ఆ ఇంట్లో ఒక పూలకుండీ కూడా పెట్టలేదు నేను. ఆయన నొచ్చుకున్నాడు. ఆ నొప్పికి మందు నా దగ్గర లేకపోయింది.

మొన్న కుప్పం నుంచి మా కూతురు వీడియో కాల్ చేసింది. అత్తగారి ఇంటి మేడ మీద ఖాళీగా పడున్న గదిని మొగుడూ పెళ్లాం ఆదివారాలు కూర్చుని, ఫోనులో చూసి నేర్చుకుంటూ బాగు చేసుకున్నారట. గోడలకు లేతపచ్చ రంగు తామే వేశారు. పాత తలుపును కోసి బల్ల చేశారు. ఆమె ముఖం చెమటతో మెరుస్తోంది, ముక్కు మీద రంగు చుక్క. ఫోను తిప్పి తిప్పి మూలమూలా చూపించి, ఎట్లుండాదమ్మా అంది.

"మీ అత్తకు ఇద్దరు కొడుకులు గదా. ఆ గది ఎవరి పాలికి వస్తాది?" అన్నాను నేను.

ఫోనులో ఆమె ముఖం చిన్నబోయింది. ఏదో పనుందని పెట్టేసింది. గది చాలా బాగుంది. ఆ మాట నేను ఇంతవరకూ దానితో అనలేదు.