చెవిన పడేదాకా మైల లేదు

మా అత్త పోయింది. పొద్దున్న ఎనిమిది దాటాక, జావ తాగిద్దామని గిన్నె పట్టుకుని వెళ్లేసరికే అయిపోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. మా ఆయన నూలు తేవడానికి బజారుకు వెళ్లాడు. కనుక గద్వాలలో ఆ సంగతి మొదట తెలిసింది నాకే. కాసేపటి దాకా తెలిసింది నాకొక్కదానికే. గిన్నె కింద పెట్టి మంచం పక్కన కూర్చున్నాను. జావ చల్లారేదాకా ఎవరికీ చెప్పలేదు.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, ఉన్నంత మేరకు. మా అత్త నోరు మంచిది కాదు. ఈ మాట మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. ఆమె బతికుండగా ఆమెనే అడిగినా ఒప్పుకునేది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె నాతో నేరుగా మాట్లాడేది కాదు. అత్త మీది కోపం దుత్త మీద అంటారు కదా, మా ఇంట్లో కోడలి మీది కోపం కోళ్ల మీద. తెల్లవారి నేను లేవడం కాస్త ఆలస్యమైతే గంప ఎత్తి కోళ్లను వదులుతూ మొదలుపెట్టేది.

"ఏమే, మబ్బుల లేస్తే ఏమన్న పోతదా? నీ అవ్వగారింట్ల గిట్లనే పండుతుంటివా? కొల్లాపూర్ల మామిడికాయలు తిని మొద్దుగ పెరిగినవు గద!"

కోళ్లకు కొల్లాపూర్‌లో పుట్టిల్లు ఉండదు. ఆ మాట ఎవరికో కోళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. కొన్నాళ్లకు నేనూ పొయ్యితో మాట్లాడి జవాబు చెప్పడం నేర్చుకున్నాను. అలా కోళ్లూ పొయ్యీ మధ్యవర్తులుగా మా ఇద్దరికీ ఏళ్ల తరబడి సంభాషణ నడిచింది. ఒక్క మాట కూడా దారి తప్పలేదు. ఆమె పుట్టింది రాయచూరు వైపు. మరీ కోపం ముదిరితే మాత్రం "సుమ్నిరు" అనేది, కన్నడంలో నోరు మూసుకోమని. ఆ ఒక్క మాటే నేరుగా నా మొహాన పడేది.

మగ్గం మీద మాత్రం మాకు జగడం లేదు. గద్వాల చీరకు ఒంటికి నూలు, అంచుకు పట్టు. అవి రెండూ కలిసే చోట పోగూ పోగూ మెలిపడాలి, అందుకని మగ్గం దగ్గర ఇద్దరు కూర్చోవాలి. ఆమె ఎడమ పక్క, నేను కుడి పక్క. మధ్యన అడ్డపోగు మోసే నాడె ఆమె నుంచి నాకు, నా నుంచి ఆమెకు. వీధిలో అన్ని ఇళ్లలోనూ మగ్గాలు ఆడుతుంటే మనిషి గొంతు వినబడదు. ఆమె ఎడమచేతి వేలికి ఒక ఇనుప ఉంగరం ఉండేది. దానితో పక్కనున్న గుంజ మీద కొట్టేది. ఒక దెబ్బ అంటే ఆగు. రెండు దెబ్బలంటే పోగు తెగింది. మూడు దెబ్బలంటే ఇటు పంపు. నాడె నా దగ్గర ఒక్క క్షణం ఎక్కువసేపు ఉంటే చాలు, మూడు దెబ్బలు. తల ఎత్తకుండానే నా చెయ్యి కదిలేది.

నాకు నేత నేర్పింది ఆమే. నా చేతులతో నేను నలుగురిలో గౌరవంగా బతుకుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. ఇది ముఖస్తుతి కాదు, వినడానికి ఆమె లేదు కూడా. "నోరు అబద్ధమాడుతది, చెయ్యి ఆడదు" అనేది. ఇంకో మాట కూడా అనేది, "చెప్పెటోనిదేం పోయింది, ఇనెటోనిదే బరువు." ఈ రెండో మాట అర్థం కావడానికి నాకు మా నాయన చావు కావలసి వచ్చింది.

అప్పుడు మగ్గం మీద ఒక పెళ్లిచీర ఉంది. ఇంకా మూడు జానల నేత మిగిలింది, సాయంత్రానికి పెళ్లివాళ్లు వస్తారు. పొద్దున్నే గూట్లో ఉన్న నా ఫోను మోగితే ఆమే లేచి వెళ్లింది. వచ్చి కూర్చుంది. "ఎవరు?" అని నేను నూలు కండెలతో అన్నాను. "ఎవల్లేరు, నూలాయన" అని ఆమె కండెలకే చెప్పింది. ఆ రోజు ఉంగరం తెగ మోగింది. మధ్యాహ్నం ఆమే లేచి వంట చేసి, నన్ను పిలిచి, తన చేత్తో వడ్డించింది. రెండు గరిటెల నెయ్యి పోసింది. "కడుపు నిండ తిను" అంది. కోళ్లతో కాదు, నాతోనే. తొమ్మిదేళ్ల కాపురంలో తిట్టు కాని మాట నేరుగా నాతో అనడం అది మొదటిసారి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత ఇష్టంగా తిన్నానో చెప్పలేను.

మూడు గంటలకు చీర కోశాం. మడత పెట్టి పక్కన ఉంచాక చెప్పింది.

"మీ నాయిన పోయిండంట. పొద్దుగాలనే ఫోనొచ్చింది."

నేను నిలబడిపోయాను. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నీకు మైల. మైల చెయ్యి పెండ్లిచీర మీద పడొద్దు. చెవుల పడేదాంక మైల లేదు. మీ తమ్మునికి చెప్పిన, బయలెల్లింది, తొవ్వల ఉందని."

అది ఆమె కల్పించిన శాస్త్రం కాదు. చావు కబురు ఎప్పుడు వింటే అప్పటి నుంచే మైల అని మావైపు అందరూ అనేదే. వినకపోతే, ఆ మనిషికి సంబంధించినంత వరకు, చచ్చినవాడు చావలేదు. ఆ పూటంతా మా నాయన నాకు బతికే ఉన్నాడు. నేను కొల్లాపూర్ చేరేసరికి చితి కాలి కూలుతోంది. "తొవ్వల ఉన్నవంటే నీ కోసం నాలుగు దాంక ఆపినం గద అక్కా, యాడ ఆగినవు?" అన్నాడు తమ్ముడు. ఏమని చెప్పను, దారిలో కాదు, ఇంట్లో నెయ్యి పోసుకుని అన్నం తింటున్నానని చెప్పనా?

ఆ తర్వాత ఆమెతో మాట్లాడటం మానేశాను. పొయ్యితో కూడా. మగ్గం మాత్రం ఎప్పటిలాగే ఆడింది.

పోయిన ఏడాది ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది, నోరు పోయింది. దవాఖానలో డాక్టరు, ఆమెకు అన్నీ అర్థమవుతాయి, మాటలే రావు అన్నాడు. అన్నేళ్లు ఊరి మీద ఆడిన నోటిలో ఒకే ఒక్క మాట మిగిలింది, "గదే". నీళ్లకు గదే, నొప్పికి గదే, కోపానికి గదే. మా ఆయనకు తల్లి అంటే ప్రాణం. ఆమె గదే అన్నప్పుడల్లా పరిగెత్తుకు వచ్చి దిండు, మాత్ర, విసనకర్ర ఒక్కొక్కటే చూపించేవాడు. ఒక్కటీ సరిపోయేది కాదు. "ఏందమ్మా, జర సమజయ్యేటట్టు చెప్పు" అని ఏడ్చినంత పని చేసేవాడు.

నాకు మాత్రం అంతా అర్థమయ్యేది. కనుబొమ్మ కదిలితే దేనికో, గదే చివర సాగితే దేనికో. ప్రేమ ఉంటే మనసులో మాట తెలుస్తుందని పుస్తకాల్లో రాస్తారు. ప్రేమ ఉన్న కొడుక్కి ఏమీ తెలియలేదు. ఎప్పుడు ఎక్కడ దెబ్బ పడుతుందోనని ఇరవై ఏళ్లు ఆమె మొహం చూస్తూ బతికిన నాకు తెలిసింది. భయమూ పగా కూడా భాష నేర్పుతాయి, బాగా నేర్పుతాయి.

ఒక మధ్యాహ్నం ఆమె ఎడమచేతితో మూలనున్న ఇనుప పెట్టె వైపు చూపింది. "గదే" అంది. ఆ తర్వాత ఉంగరంతో మంచం పట్టె మీద మూడు దెబ్బలు కొట్టింది.

ఆ పెట్టెలో ఏముందో నాకు తెలుసు. మా ఆడబిడ్డ పెళ్లికని ఆమె తన చేత్తో నేసిన చీర. ఆ పిల్ల ఆ చీర కట్టలేదు. తను కోరుకున్నవాణ్ణి చేసుకుని వనపర్తి వెళ్లిపోయింది. ఆవాళ పెట్టెకు తాళం వేసి, "ఆ పేరు ఈ ఇంట్ల ఎవలన్న ఎత్తితే నా పీనుగను చూసినట్టే" అంది మా అత్త. పదకొండేళ్లు ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు పెట్టె చూపించి మూడు దెబ్బలు. ఇటు పంపు. నా బిడ్డను పిలిపించు.

"ఏం కావాల్నంట?" అని మా ఆయన అడిగాడు.

"చలి పెడుతుందంట, దుప్పటి కావాల్నంట" అన్నాను.

తాళం తీసి పెట్టె తెరిచి, చీర మీదున్న దుప్పటి తీసి ఆమెకు కప్పాను. ఆమె నా కళ్లలోకి చూసింది. నాకు అర్థమైందని ఆమెకు అర్థమైంది. మనుషుల మధ్య మాట చేరకపోవడం వల్లే అనర్థాలు వస్తాయని అంటుంటారు. నేను నమ్మను. ఆమె మాట నాకు పూర్తిగా చేరింది. నా జవాబు కూడా ఆమెకు పూర్తిగా చేరింది.

ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం అదే. పెట్టె, గదే, మూడు దెబ్బలు. నేను ప్రతి రోజూ దుప్పటి కప్పాను, ఎండాకాలంలో కూడా. ఆడబిడ్డ అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసేది.

"అమ్మ ఎట్లుంది వదినె? నేను రావాల్నా?"

"నిన్ను చూస్తే పరేషాన్ అయితది. వద్దు."

"పిలవంది రాను వదినె. పిలిస్తే మాత్రం ఉన్న పాటున వస్త. నా పేరేమన్న ఎత్తితే చెప్తవు గద?"

"చెప్త" అన్నాను.

నన్ను తిట్టుకోండి. నేను ఆమె ఒళ్లు తుడిచాను, గుడ్డలు మార్చాను, ముద్ద ముద్ద తినిపించాను, వీపున ఒక్క పుండు పడనివ్వలేదు. కోడలంటే ఇట్లుండాలని వీధంతా పొగిడింది. ఒక్క మాట మాత్రం చేరవెయ్యలేదు. రేపు చెబుదాం అనుకునేదాన్ని. రేపు మధ్యాహ్నం ఉంగరం మోగగానే నెయ్యి వాసన గుర్తొచ్చేది. ఏడు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం ఆమె పెట్టె వైపు చూడలేదు. తర్వాతి రోజు కూడా చూడలేదు. గెలిచాననుకున్నాను. గెలిస్తే సంతోషంగా ఉండాలి కదా, ఆమె పోయేదాకా ఆ రెండు వారాలూ నాకు అన్నం సయించలేదు.

ఆమె పోయిన పొద్దున, జావ చల్లారాక, నేను మొదట ఫోన్ చేసింది మా ఆయనకు కాదు, ఆడబిడ్డకు.

"అమ్మ నిన్ను పిలిచింది. బయలెల్లి రా" అన్నాను.

"నిజంగనా వదినె? నోటితోనా?"

"నోటితో కాదు. కానీ పిలిచింది."

చావు సంగతి చెప్పలేదు. ఎందుకని అడిగితే రెండు జవాబులున్నాయి, రెండూ నిజమే. పదకొండేళ్ల తర్వాత తల్లి పిలిచిందన్న మాట ఆ పిల్ల ఒక్క పూటైనా చావు కలవకుండా వినాలనుకున్నాను. వనపర్తి నుంచి గద్వాల దాకా బస్సులో సంతోషంగా కూర్చుని రావడమంటే ఏమిటో, ఆ నెయ్యన్నం రుచి ఏమిటో, ఆమె కూతురికి కూడా తెలియాలనుకున్నాను.

ఆడబిడ్డ వచ్చింది. కొత్త జాకెట్టు, జడలో పూలు, సంచిలో బత్తాయిలు. సందు మలుపులో డప్పు విని కాళ్లు ఆగిపోవడం వాకిట్లో నుంచి చూశాను. బత్తాయిలు దొర్లి మోరీ కాలవలో పడ్డాయి.

"ఎప్పుడు పిలిచింది వదినె?" అని తల్లి పాదాల దగ్గర కూర్చుని అడిగింది.

"ఇయ్యాల్నే, పొద్దుగాల" అన్నాను.

ఆ అబద్ధం ఆమెను నిలబెట్టింది. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ అదే చెప్పింది, "పోయే ముందు నన్ను పిలిచింది మా అమ్మ. ఆఖరుకు నన్నే పిలిచింది." విన్నవాళ్లందరూ అదృష్టవంతురాలివి అన్నారు. నేను తల ఊపాను.

మూడో రోజు మంచాన్ని కడగడానికి వాకిట్లో వేశాం. నేను నీళ్లు పోస్తున్నాను, ఆడబిడ్డ గుడ్డతో తుడుస్తోంది. ఎడమ పక్క పట్టె మీద, తల్లి చెయ్యి వాలే చోట, ఆ పిల్ల చెయ్యి ఆగింది. అక్కడ రంగు లేచిపోయి, కర్రలో చిన్న గుంట పడి ఉంది. అందులో నీళ్లు నిలిచాయి.

ఆ పిల్ల కూడా ఈ ఇంట్లోనే పుట్టింది. నా కంటే ముందు ఆ మగ్గం కుడి పక్కన కూర్చున్నది తనే.

గుంటలో నీళ్లు వేలితో తుడిచింది. తల్లి వేలి నుంచి తీసిన ఉంగరం ఇప్పుడు ఆమె వేలికి ఉంది. దాన్ని ఆ గుంటలో ఆనించి చూసింది. సరిగ్గా కూర్చుంది.

"ఒక్కనాటిదా ఇది, వదినె?" అంది.

నేను చెంబు కింద పెట్టాను. ఆమె నా కళ్లలోకి చూసింది, అచ్చం తల్లి చూసినట్టే. చూస్తూనే ఉంగరంతో ఆ పట్టె మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు.

ఇరవై ఏళ్ల అలవాటు. నా చెయ్యి దానంతటదే లేచి ఆమె వైపు చాచుకుంది. అందులో పంపడానికి ఏమీ లేదు.