ఆయుధపూజనాడు డిస్కులు పీకింది నేను కాదు

ఆ రోజుల్లో ఆదోనిలో ఒక వస్తువు చెడిపోతే దాన్ని విప్పి చూసేవాళ్లు ఉండేవారు, విప్పినవాణ్ణి నమ్మేవాళ్లూ ఉండేవారు. ఇప్పుడు విప్పడమే నేరమైపోయింది. సెల్‌ఫోన్ వెనక మూత కూడా ఊడిరాకుండా అతికించి అమ్ముతున్నారు. ఇదేం పద్ధతని అడిగితే కొట్టువాడు నా వైపు జాలిగా చూస్తాడు. సరే, కాలం మారింది, ఒప్పుకుంటాను. నేను ఒప్పుకోనిది ఇంకొకటుంది. మొన్న పత్తి యార్డు ఎదురుగా టీ తాగుతుంటే పక్క బెంచీ మీద ఒకడు తన స్నేహితుడికి కథ చెబుతున్నాడు. వెనకటికి ఈ ఊళ్లో ఎవరో ముసలాయన జిన్నింగు మిల్లు సర్వర్లోని డిస్కులన్నీ పీకి, పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇచ్చాడట. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను గ్లాసు కింద పెట్టి, "ఆయన పీకలేదప్పా, పీకింది వేరేవాళ్లు" అన్నాను. "నీకెట్ల తెలుసు తాతా?" అన్నాడు. ఎట్లా తెలుసని చెప్పను? పైగా అప్పటికి నేను ముసలాయన్ని కూడా కాదు, నలభై నిండలేదు. నేను బతికుండగానే నా కథ నా ముందే తప్పుగా చెబుతున్నారు కాబట్టి, అసలు సంగతి నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

నాది ఎమ్మిగనూరు. పదో తరగతిలో బడి నన్ను వదిలేసింది (నేనే దాన్ని వదిలేశానని మా నాన్న అనేవాడు, రోజంతా మగ్గం గుంటలో కూర్చునే మనిషికి ముందు కొడుకు తప్పే కనబడుతుంది). రేడియోలు, ఆ తర్వాత మోటారు వైండింగు, ఆ తర్వాత టీవీలు, చివరికి కంప్యూటర్లు, అన్నీ విప్పి నేర్చుకున్నవే. ఇంగ్లీషు పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఒక్కో పేజీకి ఒక పూట పట్టేది, కానీ పట్టిన పేజీ మళ్లీ జారిపోయేది కాదు. ఆ చదువు సంగతి విని ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లు షావుకారు ఒకాయన నన్ను రమ్మన్నాడు. పనిలో పెట్టుకోలేదు, రమ్మన్నాడు. ఈ రెండింటికీ ఉన్న తేడా నాకు తర్వాత తెలిసింది. ఆయన అల్లుడు బెంగళూరులో చదివినవాడు, మామ చేత ఒక సర్వర్ కొనిపించాడు. బండి వేబ్రిడ్జి కాటా మీదికి ఎక్కగానే తూకం నేరుగా అందులోకి పోతుంది. దాన్ని ఎవరు చూసుకోవాలన్నదే వాళ్లింట్లో తగువు. బెంగళూరు కంపెనీకి అప్పజెబుదామని అల్లుడు, ఈడ మనిషి ఉండగా ఆడి నుంచి ఎందుకని మామ. చివరికి ఒక మాట తేలింది. విజయదశమినాడు కొత్త పత్తి తూకం మొదలవుతుంది. అప్పటిదాకా మిషన్ ఆగకుండా నడిపితే నన్ను ఇంజనీరుగా మిల్లులో పెట్టుకుంటారు. ఆగిందా, నేను ఎమ్మిగనూరు బస్సెక్కి మళ్లీ కాలిపోయిన మోటార్ల దగ్గరికి పోవాలి. ఇంజనీరు అన్న మాట షావుకారే వాడాడు, నేను కల్పించింది కాదు.

ఆ సర్వర్ ఎట్లా ఉంటుందో చెప్పకపోతే నా మీద జరిగిన అన్యాయం మీకు అర్థం కాదు. ముందువైపు నాలుగు డిస్కులుంటాయి, బీరువా సొరుగుల్లాగా. ఒక్కోదానికి ఒక పిడి, ఒక పచ్చ దీపం. వాటిలో ఒకటి చచ్చినా మిగిలిన మూడూ కలిసి దాని భారం మోస్తాయి. కరెంటు తీయనక్కర్లేదు, మిషన్ నడుస్తుండగానే చచ్చినదాన్ని లాగేసి కొత్తది తోస్తే, పాతదాంట్లో ఉన్న లెక్కంతా కొత్తదాంట్లోకి అదే రాసుకుంటుంది. అయితే ఒకటి పోతేనే ఈ వైభోగమంతా. ఒకేసారి రెండు పోయాయంటే మిషన్ కూలబడుతుంది. దసరాకు కొన్నాళ్ల ముందు ఒక డిస్కు పోయి, దాని దీపం నారింజ రంగుకు తిరిగింది. అల్లుడు స్విచ్ కట్టేయమన్నాడు. కాటా మీద లారీ నిలబడి ఉంది. నేను కట్టేయలేదు. పిడి నొక్కి, చచ్చినదాన్ని లాగి, కొత్తది తోశాను. ఆ లారీ దిగిపోయింది, ఇంకో లారీ ఎక్కింది, తూకం పడింది. షావుకారు నోరు తెరుచుకుని చూశాడు. (ఈ సంగతి టీ బెంచీల మీద ఎవరూ చెప్పుకోరు.)

అప్పుడు నా పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డవాడు బెల్టుల మేస్త్రి. జిన్ను మిషన్ల బెల్టులన్నీ ఆయన చేతి మీద నడిచేవి, మిల్లులో హమాలీలందరికీ ఆయన మాటే మాట. పీకిన డిస్కును అటూ ఇటూ తిప్పి చూసి, "నడిసే మిషన్ల నుంచి పీకితే సావదా సామీ?" అన్నాడు.

"సావదు మేస్త్రీ. నలుగురు హమాలీలు పత్తి బేలు మోస్తాంటే ఒకడు పక్కకు జరిగినాడనుకో, ఇంకొకడు వచ్చి భుజం పెట్టేదాంకా ముగ్గురు మోయరా? ఇదీ అంతే."

"అంటే ఇవి నాలుగూ హమాలీలన్నమాట."

"అట్లనే అనుకో."

ఇంత మంచి పోలిక ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ చెప్పరు. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. నేను చెప్పిన పోలికలో లోపం లేదు, విన్న చెవుల్లో ఉంది.

ఆయుధపూజ వచ్చింది. పొద్దున్నే నేను ఎమ్మిగనూరు పోయాను. మూతబడ్డ నా కొట్లో వైండింగు మిషన్ ఉంది, ఇన్నేళ్లు కూడు పెట్టిన మిషన్‌కు పండగపూట బొట్టు పెట్టకపోతే ఎట్లా? పూజ ముగించుకుని మధ్యాహ్నం బస్సుకు ఆదోని వచ్చేసరికి మిల్లులో బంతిపూల వాసన, సాంబ్రాణి పొగ. కంప్యూటర్ గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల సర్వర్ కుయ్ కుయ్ మని ఏడుస్తోంది. ముందువైపు చూస్తే నాలుగు కంతలు, పళ్లు రాలిన నోరు లాగా. సాంబ్రాణి పొగ వస్తున్న వైపు, పత్తి బేళ్లు కట్టే ప్రెస్సు షెడ్డుకు పరుగెత్తాను. అక్కడ అమ్మవారి పటం ముందు పానాలు, సుత్తులు, బెల్టు కొక్కేలు, పాత తక్కెడ రాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి మధ్యన అరిటాకు మీద నా నాలుగు డిస్కులు. ఒక్కోదానికి పసుపు, కుంకుమ, నెత్తిన ఒక బంతిపువ్వు. మేస్త్రి హారతి తిప్పుతున్నాడు.

"ఎవురు పీకినారు ఇవి?" అన్నాను.

"కేకలేయొద్దు సామీ, హారతి అయితాంది."

"మేస్త్రీ, అవేంటివో తెలుసునా నీకు?"

"తెలుసు. నీ హమాలీలే." ఆయన హారతి పళ్లెం హమాలీల వైపు తిప్పాడు. "ఏడాదంతా రాత్రీ పగలూ మోస్తానే ఉండాయి. పండగపూట మావోళ్లకంతా సెలవిచ్చి ఈటికి ఇయ్యకుంటే బాగుంటాదా? పీకినా సావవని నువ్వే సెప్తివి గదా."

"ఒకటి పీకితే సావదంటి. నాలుగూ పీకమంటినా?"

"మూడింటికి సెలవిచ్చి ఒగదాన్ని పనిలో ఉంచితే అది ఏడవదా సామీ?"

హమాలీలందరూ న్యాయమేనన్నట్టు తలలూపారు. పక్కనున్న ఒక హమాలీ భార్య నా చేతిలో బొరుగులు, పప్పులు, బెల్లం పెట్టబోతూ, "ఎండలో వస్తివి, తిను అన్నా, తర్వాత తిడుదువుగానీ" అంది. నేను తినలేదు. తిట్టడం ఆపలేదు కూడా.

సరిగ్గా అప్పుడే గుమ్మడికాయ కొట్టడానికి షావుకారు, వెనకే అల్లుడు వచ్చారు. అల్లుడికి కోపం వచ్చి ఉంటే నేను ఓర్చుకునేవాణ్ణి. కానీ అతను నవ్వాడు. "చూసినావా మామా, మన ఇంజనీరు గారి పద్ధతి" అని బెంగళూరుకు చేయడానికి ఫోన్ తీశాడు. షావుకారు మాత్రం నా వైపే చూస్తూ, "అదంతా యాల అప్పా. రేపు పెద్దకడుబూరు నుంచి బండ్లు వస్తాయి. కాటా నడుస్తాదా లేదా, అదొకటి సెప్పు" అన్నాడు. "నడుస్తాది" అన్నాను. ఎట్లా నడుస్తుందో నాకే తెలియదు.

నాకు తెలిసినంతలో ఏ డిస్కు ఏ సొరుగుదో ఆ సొరుగులోకే పోవాలి. చూడబోతే నాలుగూ కవల పిల్లల్లా ఉన్నాయి, ఆ పసుపు పూశాక మరీను. అందుకని విచారణ మొదలుపెట్టాను. ఎడమ వైపు నుంచి పీకానని మేస్త్రి అన్నాడు. కుడివైపు నుంచి పీకుతుంటే తాను చూశానని ఒక హమాలీ అన్నాడు. తుడిచేటప్పుడు అటుదిటు పెట్టి ఉంటామని ఇంకొకామె అంది. "తుడిచినారా? నీళ్లతోనా?" అంటే, "తడిగుడ్డతోనే అన్నా, కడగలేదులే" అని నన్నే ఓదార్చింది. సరే, ఎట్లా పీకావో చేసి చూపించు మేస్త్రీ అన్నాను. ఆయన నాకు ఎదురుగా నిలబడి చేసి చూపించాడు, దాంతో ఆయన ఎడమేదో నా ఎడమేదో తేలక ఇద్దరం చాలాసేపు ఒకరి చుట్టూ ఒకరం తిరిగాం. పొద్దు వాలేదాకా ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొత్తు కుదరలేదు. నేను ఒక్కొక్కరినీ పేరు పెట్టి తిట్టాను, పేరు తెలియనివాళ్లను ఊరు పెట్టి తిట్టాను.

చివరికి సర్వర్ మూత మీద ఉన్న కంపెనీ నంబరుకు షావుకారు ఆఫీసు నుంచి ఫోన్ చేశాను. అవతల బెంగళూరు గొంతు ఒకటి, డిస్కులన్నీ ఒకేసారి తీయడానికి కారణమేమిటని ఇంగ్లీషులో అడిగింది. పండగ అన్నాను. మీదే ఊరు అని ఈసారి కన్నడలో అడిగాడు. మా అమ్మది హొళగుంద, కన్నడం నాకు అమ్మమ్మగారింటి భాష, అందులోకి దిగాక ఇద్దరికీ ఊపిరాడింది. "మేమూ పూజ చేస్తాం. కానీ తలుపుకు బొట్టు పెడతామండీ, డిస్కులకు పెట్టం" అన్నాడు. పీకేటప్పుడు పని నడుస్తోందా అని అడిగాడు. సెలవు, ఎవరూ ముట్టుకోలేదన్నాను. అయితే బతికారు అన్నాడు. ఏ డిస్కు ఎక్కడిదో తేలడం లేదు మహాప్రభో అని మొత్తుకుంటే, వరసతో పని లేదన్నాడు. ఎవరిదేదో డిస్కుల మీదే గుర్తు రాసి ఉంటుందట. మిషన్ ఆపి, అన్నీ శుభ్రంగా తుడిచి, ఎట్లా వస్తే అట్లా తోసి, మళ్లీ ఆన్ చేస్తే, పాత లెక్కే ఉంచుకోమంటారా అని అదే అడుగుతుందట, సరేనంటే చాలట. ఫోన్ పెట్టేశాక నాకు మేస్త్రి మీదకంటే ఆ సర్వర్‌తో వచ్చిన పుస్తకం రాసినవాడి మీద ఎక్కువ కోపం వచ్చింది. తర్వాత వెతికి చూస్తే ఆ సంగతి ఎక్కడో చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఇట్లాంటిది మొదటి పేజీలో పెద్దక్షరాలతో వేయొద్దా? ఊరందరినీ తిట్టిన తర్వాత తెలిసి ఏం లాభం?

ఆదోనిలో పత్తికి కరువా? గుప్పెడు దూదితో, పళ్లు తోముకునే బ్రష్షుతో సందుసందునా పసుపు తీశాను. నాలుగూ తోసి ఆన్ చేశాను. అది అడిగింది, నేను సరేనన్నాను. ఒకటొకటిగా నాలుగు పచ్చ దీపాలు వెలిగాయి. ముందురోజు చివరి లారీ తూకం తెరిచి చూస్తే ఉన్నది ఉన్నట్టే ఉంది. నేను బ్రష్షు కింద పెట్టకముందే మేస్త్రి ఆ సర్వర్‌ను తాకి కళ్లకద్దుకుని, "సెలవిస్తిమి గదా, ఎంత సల్లగా లేసినాయో సూడు. అంతా అమ్మ దయ" అన్నాడు. హమాలీలందరూ అమ్మకు దండం పెట్టుకున్నారు. పీకిన నింద నాకు, నిలబెట్టిన పేరు అమ్మకు. నేను అమ్మవారిని ఏమీ అనడం లేదు, కానీ ఆ దూది, ఆ బ్రష్షు ఎవరివో ఒక్కరైనా అడగొచ్చు కదా.

మర్నాడు పెద్దకడుబూరు బండ్లు వచ్చాయి, కాటా నడిచింది, తూకాలు పడ్డాయి. ఇక నా ఉద్యోగం మాట. షావుకారు నన్ను పిలిచి, "పండగపూట మిషన్ ఆగింది గదప్పా. ఇంక దాని సంగతి బెంగళూరోళ్లు సూసుకుంటారు" అన్నాడు.

"మరి నేను?"

"నువ్వు ఆ గదిలో కూర్సో. తాళం నీ దగ్గరే పెట్టుకో. వాళ్లు ఫోన్లో సెప్పింది నువ్వు సెయ్యాల. ఎవురూ దానిమీద సెయ్యి పెట్టకుండా సూడాల."

"అంటే వాచ్‌మన్ పనా?"

"అట్లెందుకనుకుంటావప్పా. నిన్న నువ్వు అరిసింది యార్డుదాంకా ఇనబడిందంట. అట్ల అరిసేటోడు బెంగళూరులో దొరుకుతాడా?"

అల్లుడు మళ్లీ నవ్వాడు. నేను సంచి తీసుకుని బస్టాండుకు నడిచాను. ఎమ్మిగనూరు బస్సు నిలబడే ఉంది. ఎక్కబోతుంటే వెనక సైకిలు బెల్లు. మేస్త్రి.

"యాడికి పోతాండావు సామీ?"

"మా ఊరికి. ఇంజనీరు కావాల్సినోణ్ణి వాచ్‌మన్ను సేస్తిరి, మీరంతా కలిసి."

"మా అందర్నీ తిట్టి నువ్వు ఊరికి పోతే ఎట్ల? తిట్టినోడు కండ్లముందు ఉంటేనే గదా మేము తిరిగి అనేది."

"నేను ఉండి ఏం సెయ్యల్ల?"

ఆయన సైకిలు స్టాండు వేసి, రుమాలుతో నింపాదిగా మొహం తుడుచుకున్నాడు. "వచ్చే పండక్కు నాకు మళ్ల ఈటికి సెలవియ్యాలనిపిస్తే?" అన్నాడు.

నేను బస్సెక్కలేదు. ఆ మాట విన్న తర్వాత బాధ్యత తెలిసిన మనిషెవడూ ఎక్కలేడు.

ఆ మిల్లులో ఉన్నన్నాళ్లూ మిషన్ నడుస్తుండగానే డిస్కులు మార్చాను, ఫ్యాన్లు మార్చాను, కరెంటు పెట్టెలు మార్చాను; ఒక్క లారీ కాటా మీద ఆగలేదు, అందుకే ఒక్కరూ చూడటానికి రాలేదు. మిల్లువాళ్లు నన్ను చివరిదాకా వాచ్‌మన్ అనే రాసుకున్నారు. ఏటా ఆయుధపూజకు మేస్త్రి కుంకుమ పళ్లెంతో గది దాకా వచ్చేవాడు. నేను గడపకు అడ్డంగా నిలబడేవాణ్ణి. ఆయన లోపలికి ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, ఆ బొట్టేదో నా నుదుట పెట్టి పోయేవాడు. నేను వెనకనుంచి అరిచేవాణ్ణి. ఆయన వెనక్కి చూసేవాడు కాదు. సర్వర్ వేడికి ఆగదని షావుకారు ఆ చిన్న గదికి ఏసీ పెట్టించాడు. నుదుట కుంకుమతో, తాళంచెవి పిడికిట్లో బిగించి, పోతున్న మనిషి వీపు మీద గొంతు చించుకుంటున్న ఆ నలభై ఏళ్లవాణ్ణి ఇప్పుడు తలచుకుంటే, ఆ ఏసీ సర్వర్ వేడికేనా అని అనుమానం వస్తుంది.